స్రవంతీ, పసుపు తవ్వే ముందు ఇది చదువు

స్రవంతికి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. జనవరి 10న రెండెకరాల పసుపూ ఒకేసారి తవ్విస్తున్నావట. ట్రాక్టరు, బాయిలరు మాట్లాడి బయానా కూడా ఇచ్చేశావట. మీ నాన్న మస్కట్‌లో ఉంటే నువ్వొక్కదానివే మిషన్ల వాళ్లతో బేరం చేశావని విని చాలా సంబరపడ్డాను. పక్కింటామెను పిలిచి మరీ చెప్పాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ "రెండెకరాలూ ఒకేసారి" అన్న మాట గుర్తొచ్చింది. ఇక నిద్ర లేదు.

ఫోన్‌లో చెబితే అన్నిటికీ "సరే అత్తమ్మా" అంటావు, పెట్టేశాక నీకు తోచిందే చేస్తావు. మీ నాన్నదీ ఇదే గుణం. అందుకే రాసి పంపుతున్నాను. ఈ కాగితం తెచ్చిన మీ బావ నాలుగు పరదాలు, అదే టార్పాలిన్లు, కూడా తెచ్చాడు, దించుకో. అవెందుకో తర్వాత చెబుతాను.

నీ చేనులో ఒక ఎకరం ప్రగతి, ఒక ఎకరం ఎర్రగుంటూరు. రెండూ జూన్ 20 ప్రాంతంలోనే పెట్టావు కాబట్టి ఒకేసారి పండుతాయనుకున్నావు. అక్కడే దెబ్బతిన్నావు. ప్రగతి ఆరు నెలల రకం, 180 రోజులకు వచ్చేస్తుంది. జనవరి 10 నాటికి దానికి 204 రోజులు, తవ్వుకో, నాకేం అభ్యంతరం లేదు. వేళ్లకు పట్టే నులిపురుగును తట్టుకుంటుందని ఆ రకం ఎంచుకున్నానని చెప్పావు, మంచి పని చేశావు. నేను మటుకు ఆ రకం పండించలేదు. నాకు తెలిసిందల్లా ఎర్రగుంటూరు. దానికి ఎనిమిది నెలలు నిండాలి, ఒక్కో ఏడు తొమ్మిది కూడా పడుతుంది. ఫిబ్రవరి 20 దాటకుండా ఆ ఎకరంలో పలుగు దించకు. బాయిలర్ వాడు రెండోసారి రావాలంటే పైన డబ్బులు అడుగుతాడు. ఇచ్చెయ్. లేదా మీ మెట్‌పల్లి పక్క ఎర్రగుంటూరు వేసినవాళ్లు బోలెడుమంది, వాళ్ల పొలానికి వచ్చినప్పుడు మీదీ ఉడికించమను.

రోజుల లెక్క మనల్ని చేను దగ్గరికి తీసుకెళ్తుంది, అంతవరకే. తర్వాత ఆకు చూడాలి. కింది ఆకులు ముందు పండి, తర్వాత పైవి, చివరికి కాండం వాలి మొక్క మొత్తం నేలకు ఒరగాలి. అది కూడా చేనంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉండాలి. ఒక మూల పసుపు రంగుకు తిరిగి మిగతాదంతా ఆకుపచ్చగా ఉంటే అది పంట కాదు, రోగం. ఆ మూల ఒక మొక్కను పట్టి లాగు. తేలిగ్గా ఊడొచ్చి మొదలు మెత్తగా ఉండి వాసన కొడితే దుంపకుళ్లు. లేత ఆకులు తెల్లబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము తక్కువైంది. పండిన ఆకు ఎప్పుడూ ముసలి ఆకు నుంచే మొదలవుతుంది, మనుషుల్లాగే.

ఇదంతా నాకు ఎలా తెలుసంటే, ఒక ఏడు ఇవన్నీ తెలిసి కూడా తప్పు చేశాను కాబట్టి.

2010 వానాకాలం పంట అది. మీ మామయ్య పోయి రెండేళ్లు. ఎకరంన్నర పసుపు నేనే పెట్టించాను, మధ్యలో మొక్కజొన్న. ఆ ఏడు పసుపు ధర మనం ఎన్నడూ చూడనంత పెరిగింది, క్వింటాలు పది వేలు దాటింది. నిజామాబాద్ మార్కెట్ యార్డు నుంచి వచ్చినవాళ్లు బంగారం గురించి చెప్పినట్టు చెప్పేవాళ్లు. అప్పుడే మీ నాన్న మస్కట్ వీసా సంగతి వచ్చింది. ఏజెంటుకు జనవరి నెలాఖరులోగా ఎనభై వేలు కట్టాలి. మీ తాత దగ్గర లేవు. నేను ఇస్తానని మాటిచ్చాను. ఎవరూ అడగలేదు, నేనే ఇచ్చాను.

జూన్ చివర పెట్టిన పంట. జనవరి అంటే ఆరున్నర నెలలే. నాకు తెలియదా? తెలుసు. కానీ చేను పల్లంలో ఒక మూల ఆకు పసుపు రంగుకు తిరిగింది. అదిగో, ముందే పండుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మూలలో నీళ్లు నిలిచి దుంప కుళ్లుతోందని చూడలేదు. చూడదలచుకోలేదు. డిసెంబర్ చివర్లో నీళ్లు కట్టడం ఆపేశాను. రెండు వారాల్లో చేనంతా ఆకు వాలిపోయింది. దారిన పోయేవాళ్లు కూడా "అక్కా, నీ పసుపు పండిందే" అన్నారు. నీళ్లు ఆపితే ఆకు ఎవరి చేనులోనైనా వాలుతుంది. దుంప మాత్రం దాని రోజులు అది లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది.

18వ తేదీన తవ్వించాను. దుంపలు విరిచే ఆడవాళ్లలో ఒక పెద్దవ్వ ఉండేది. మొదటి కుదురు చేతిలోకి తీసుకుని ఒక కొమ్ము విరిచింది, లోపలికి చూసింది, నా ముఖం చూసింది, ఏమీ అనకుండా కుప్పలో వేసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కొమ్ములు సన్నగా ఉన్నాయి, కొసలు ఇంకా తెల్లగా ఉన్నాయి, వేలితో గీస్తే తోలు ఊడొస్తోంది. అయినా ఆపలేదు. కూలీలు వచ్చారు, కడాయి పొయ్యి మీద ఉంది, ఇంకేం ఆపుతాం?

ఎండబెట్టాక తెలిసింది. ఎర్రగుంటూరులో వంద కిలోల పచ్చిదానికి ఇరవై కిలోలు తేలాలి. నాకు పద్నాలుగు తేలాయి. కొమ్ములు ఎండు ఖర్జూరంలా ముడతలు పడ్డాయి. యార్డులో ఖరీదుదారు కుప్పలో చెయ్యి పెట్టి రెండు కొమ్ములు విరిచి, చెయ్యి దులుపుకుని పక్క కుప్పకు పోయాడు. చివరికి అందరికంటే తక్కువ ధర పలికింది. ధర రోజులు కాబట్టి ఏజెంటు డబ్బులు వచ్చాయనుకో. కానీ అంతటితో పోలేదు. ఆ పంటలోంచే విత్తనం దాచాను. పండని దుంప కదా, చెట్టు కింద కప్పి పెట్టిన కుప్ప ఎండాకాలం వెళ్లేసరికి వాడి, సగం మొలకే రాలేదు. తర్వాతి ఏడు విత్తనం కొనాల్సి వచ్చింది. ఎకరానికి పది క్వింటాళ్ల విత్తనం కావాలి, అదీ ధర మీద ఉన్నప్పుడు. ఆ పంట చేతికొచ్చేసరికి ధర సగం కన్నా కిందికి పడిపోయింది. రెండేళ్లు లేవలేదు నేను.

మీ నాన్నకు పంట బాగా వచ్చిందనే చెప్పాను. ఆయన విమానం ఎక్కిన రోజు శంషాబాద్‌కు అందరం వెళ్లాం, నీకు గుర్తుందో లేదో, అప్పుడు నీకు ఆరేళ్లు. నా అరచేతులు ఇంకా పసుపుగానే ఉన్నాయి, ఎంత కడిగినా పోలేదు. నువ్వు నా చెయ్యి పట్టుకుని "అత్తమ్మా, నీకు పెళ్లా?" అని అడిగావు. మీ అమ్మ నిన్ను కసిరింది. నేను నవ్వాను. ఆ నవ్వు మాత్రం నిజమైనదే, చాలా రోజుల తర్వాత.

సరే, పనిలోకి వస్తాను. ఎర్రగుంటూరు ఆకు వాలిన తర్వాత కూడా నమ్మకు. చేనులో నాలుగు చోట్ల, మెరకలో ఒకటి, పల్లంలో ఒకటి, మధ్యలో రెండు, కుదుళ్లు తవ్వి చూడు. కొమ్ము కొస తెల్లగా ఉందా? ఆగు. గోటితో గీస్తే తోలు ఊడుతుందా? ఆగు. విరిస్తే లోపల లేత పసుపుగా నీరు కారుతుందా? ఆగు. ముదురు నారింజ రంగు ఉండి, విరవడానికి కాస్త బలం పెట్టాల్సి వస్తే అప్పుడు ఆకు కోయించు. ఆకు కోశాక వారం పైనే నేలలో ఉండనివ్వు. నేల గట్టిగా ఉంటే తవ్వడానికి రెండు మూడు రోజుల ముందు పలుచగా ఒక తడి ఇవ్వు. ఆకు కోసేటప్పుడు పాములుంటాయి, చెప్పులు లేకుండా ఎవరినీ దిగనివ్వకు.

గోళా, అంటే మధ్యలోని గుండ్రటి తల్లి దుంప, వేరు, కొమ్ము వేరు చేయించు, ఉడికేటప్పుడు కూడా కలపకు. తవ్విన రెండు మూడు రోజుల్లో ఉడికిపోవాలి. మా కాలంలో కడాయిలో గంటసేపు పట్టేది, మీ ఆవిరి బాయిలర్ తొందరగా ఉడికిస్తుంది. కాబట్టి గడియారం చూడకు. నురగ పొంగి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పున రావాలి. ఒక మొద్దు పుల్ల కొమ్ములోకి గుచ్చితే సులువుగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసవుతుంది.

ఇక్కడ ఒక మాట. బాయిలర్ దగ్గర గానీ, తర్వాత పాలిష్ డ్రమ్ము దగ్గర గానీ, చున్నీ వేసుకుని నిలబడకు. ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టుకు కొంగు చిక్కుకుంటే మనిషి అరిచేలోపే అయిపోతుంది. ఇది మా ఊళ్లో జరిగింది. ఎవరికని అడగకు. జుట్టు ముడి వేసుకో, చున్నీ ఇంట్లో పెట్టి రా. పంట పోతే మళ్లీ వస్తుంది. మిగతావన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోకు, నా మీద ఒట్టు.

ఇప్పుడు పరదాలు. పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. రెండు మూడు అంగుళాల మందంలో పరువు, మరీ పలుచగా పరిస్తే రంగు దెబ్బతింటుంది. రాత్రి కుప్ప చేసి కప్పు. మార్చిలో ఎప్పుడు వడగళ్లు పడతాయో దేవుడికి కూడా తెలియదు. ఒక ఏడు మధ్యాహ్నం మూడింటికి ఎండ మాడుతుంటే నాలుగింటికి కల్లంలో మంచు పరిచినట్టయింది. అప్పటి నుంచి మబ్బు చూస్తే నా గుండె పరదా కోసం వెతుకుతుంది. నీ దగ్గర ఉన్నవి చాలవని మీ బావ చెప్పాడు, అందుకే పంపాను. డబ్బులు పంపకు, తిరిగి పంపిస్తాను. ఎండిన కొమ్ము విరిస్తే టప్‌మని మోగాలి, వంగకూడదు.

పాలిష్ దగ్గర ఎవరైనా "మెరుపు కోసం కాస్త రంగు కలుపుదామా" అంటే పొమ్మను. సీసం కలిసిన రంగు అది, తినేవాళ్ల పిల్లల ఒంట్లోకి పోతుంది.

ధర గురించి నన్నడగకు, ధర నాకెప్పుడూ మాట ఇవ్వలేదు. ఆ ధర కోసమే 2019లో మనవాళ్లు ఎంపీ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు, నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలిచారు, వాళ్లలో చాలామంది రైతులే. ఓటు వేయడానికి వెళ్తే పెళ్లికి గిన్నెలు పరిచినట్టు మిషన్లు పెట్టారు. 2025 సంక్రాంతికి పసుపు బోర్డు వచ్చింది, సంతోషమే. అయితే నీ దుంప పండిందో లేదో బోర్డు వచ్చి చెప్పదు కదా.

విత్తనానికి మాత్రం ఎర్రగుంటూరులోనే, రోగం లేని పక్క నుంచి, బాగా పండిన దుంపలు ముందే వేరు చేసి పెట్టు. అమ్మేటప్పుడు చెయ్యి వణుకుతుంది, అందుకే ముందే.

నీ ఫీజు కట్టాల్సి ఉందని, అందుకే తొందరని మీ అమ్మ నసిగింది. ఎంతో ఈ కాగితం వెనక రాసి మీ బావతోనే పంపు. ఎవరికీ చెప్పను.

ఫిబ్రవరి చివరి వారంలో నేనే బస్సెక్కి వస్తాను. అంతవరకు ఎర్రగుంటూరుకు నీళ్లు ఆపకు. కుదురు నేనే తవ్వుతాను, కొమ్ము నువ్వు విరువు. సంకటి వండమని మీ అమ్మతో చెప్పు, అందులోకి చింతకాయ తొక్కు నేను తెస్తాను.

మీ అత్తమ్మ