క్యూసెక్కులు పెరిగితే టీఎంసీలూ పెరిగినట్టేనా?

వరద ఉద్ధృతి ఎంత పెద్దదైతే మొత్తం నీరూ అంత ఎక్కువగా వచ్చినట్టేనా అని అడిగారు. ఉద్ధృతిని క్యూసెక్కుల్లో (సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు పారుతోందో), మొత్తం నీటిని టీఎంసీల్లో (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) చెబుతారు. ఒకే నదిలో చాలావరకు అంతే. రెండు నదులను పోల్చినప్పుడే లెక్క తప్పుతుంది.

మా ఇల్లు ఖమ్మంలో మున్నేరుకు దగ్గర. అత్తవారిది భద్రాచలం. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు బియ్యం బస్తా మేడెక్కించే వ్యవధి కూడా దొరకలేదు. మర్నాటికి నీళ్లు పోయి బురద మిగిలింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు కాబట్టి మా మామగారికి సామాను సర్దుకునే సమయం చిక్కింది. తిరిగి ఇల్లు చేరడానికి మాత్రం రోజులు పట్టింది.

లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. అదే ఒక వాగు లక్ష క్యూసెక్కులకు ఎగసి మొత్తం ఆరు గంటల్లోనే చల్లబడితే ఒక టీఎంసీకి కాస్త ఎక్కువ, అంతే. పరీవాహక ప్రాంతం చిన్నదై, వాలు ఎక్కువగా ఉంటే కొద్ది గంటల కుండపోతకే ఉద్ధృతి పెరుగుతుంది. గోదావరి వంటి పెద్ద నదికి ఆ వాన చాలదు, రోజుల తరబడి ముసురు పట్టాలి. నేల ముందే నానిపోయి ఉంటే ఉద్ధృతి, మొత్తం నీరు రెండూ పెరుగుతాయి. ఉపనదుల సంగతి వేరు: ప్రాణహిత, ఇంద్రావతి వరదలు ఒకే సమయానికి వచ్చి కలిస్తే, నీరు అంతే అయినా ఉద్ధృతి పెరుగుతుంది.

జలాశయాలు చేసేది దీనికి తలకిందులు. 2009 అక్టోబరులో కృష్ణా నది మీది శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. నీటిమట్టం 885 అడుగుల పూర్తిస్థాయిని దాటి 896 అడుగుల పైకి పోయింది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర మాత్రం 11 లక్షల పైచిలుకే. మిగతా నీరు మాయమైపోలేదు. శ్రీశైలం, సాగర్ కొంత పట్టి ఉంచి, తక్కినది రోజుల మీద వదిలాయి. టీవీల్లో ఎప్పుడూ పెద్ద అంకె ఒక్కటే అరుస్తారు, ఎన్ని గంటలు ఉందో చెప్పరు.

ఇంకో మాట. భద్రాచలంలో పాతవాళ్లు గోదావరితో పాటు దిగువన కూనవరంలో శబరి ఎలా ఉందని కూడా ఆరా తీస్తారు. శబరి పోటెత్తితే గోదావరి నీళ్లు ముందుకు సాగక వెనక్కి తన్నుతాయి. పైనుంచి వచ్చే ప్రవాహం తగ్గుతున్నా రేవు మెట్ల మీది నీరు ఒక పట్టాన దిగదు.