సినిమా ప్రశ్నలు, జవాబులు: హీరో పక్కన ఎవరున్నారు?

గత నెల "మీకు బాగా ఇష్టమైన సినిమా ఏది, ఇప్పటి సినిమాల మీద మీ అభిప్రాయమేంటి?" అని అడిగాం. ఉత్తరాలు, మెయిళ్లు బాగానే వచ్చాయి. చాలామంది ప్రశ్న అడగడం మానేసి నేరుగా దెబ్బలాటకే దిగారు, మాకూ అదే సరదా. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు.

నేను రిటైర్డ్ టీచర్ని. టీవీలో మాయాబజార్ వస్తే మా ఇంట్లో ఇప్పటికీ వంట ఆగిపోతుంది. ఇప్పటి సినిమాలు అరగంట కూడా కూర్చుని చూడలేకపోతున్నాను. అలాంటివి మళ్లీ ఎందుకు రావడం లేదు?
ఓ పాఠకురాలు, తెనాలి

ముందు ఒక మాట చెప్పనివ్వండి మేడమ్, 1957లో వచ్చినవన్నీ మాయాబజార్‌లు కావు. ఆ రోజుల్లో వచ్చి వారం తిరక్కుండానే డబ్బాల్లోకి వెళ్లిపోయిన సినిమాల పేర్లు మీకూ గుర్తుండవు, నాకూ గుర్తుండవు. మంచివి మాత్రమే మిగిలాయి కాబట్టి ఆ కాలమంతా మంచిగా కనిపిస్తుంది.

అయినా మీ బాధలో నిజం ఉంది. ఈసారి టీవీలో వచ్చినప్పుడు ఒక పని చేయండి, సినిమాని ఎవరు మోస్తున్నారో చూడండి. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమా అది. కానీ సగం దాటాక పగ్గాలు మొత్తం ఘటోత్కచుడి చేతికి, అంటే ఎస్వీ రంగారావు చేతికి వెళ్లిపోతాయి. ఆయన పక్కన చిన్నమయగా రమణారెడ్డి, లక్ష్మణకుమారుడుగా రేలంగి, శకునిగా సీఎస్సార్, శర్మ శాస్త్రులుగా అల్లు రామలింగయ్య, వంగర. ఒక్కొక్కరికీ ఒక సొంత పని, సొంత బెంగ, సొంత మాటతీరు ఉన్నాయి. అభిమన్యుడి పెళ్లి కథలో పాండవులు ఒక్క సీన్‌లో కూడా కనిపించరు, అదేమీ లోటుగా తోచదు! దర్శకుడు కె.వి.రెడ్డి స్క్రిప్టు పూర్తిగా తేలాకగానీ షూటింగ్‌కి వెళ్లేవారు కాదని, ఏ సీను ఎంతసేపు ఉండాలో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకునేవారని ఆయన దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు చెబుతుంటారు. మాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్లీ. ఇంతమంది కలిసి కూర్చుని చిన్నచిన్న పాత్రల గురించి కూడా ఆలోచించిన సినిమా అది.

ఇప్పటి పెద్ద సినిమాల్లో నాకు కనిపించే జబ్బు ఒకటే. హీరో తప్ప మిగతా వాళ్లందరికీ ఒకే ఉద్యోగం, హీరోని పొగడటం. తల్లి పొగుడుతుంది, పోలీసు పొగుడుతాడు, చివరికి దెబ్బలు తిని కింద పడ్డ రౌడీ కూడా "వాడెవడో తెలుసా" అని మొదలుపెడతాడు. వాళ్లకంటూ ఇల్లుందో లేదో, పెళ్లయిందో లేదో మనకు తెలియదు. మూడు గంటలపాటు ఒక్క మనిషినే చూడమంటే ఎంత అందగాడైనా విసుగొస్తుంది కదా. మీరు అరగంటకే లేచిపోవడానికి కారణం వయసు కాదండీ.

ఇప్పటి సినిమాల నిడివి మరీ ఎక్కువైపోలేదా? పుష్ప 2 ఏకంగా 3 గంటల 20 నిమిషాలు!
ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

2025 జనవరిలో దానికి మరో 20 నిమిషాలు కలిపి మళ్లీ వదిలారు, అది మర్చిపోయావు తమ్ముడూ. నిడివి గురించి నాకు పేచీ లేదు. 1977లో ఎన్టీఆర్ తానే దర్శకత్వం వహించి, కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసిన దాన వీర శూర కర్ణ మూడున్నర గంటలు దాటుతుంది. జనం మళ్లీ మళ్లీ చూశారు, డైలాగులు బట్టీ పట్టారు. నా పేచీ అంతా స్లో మోషన్ మీద. హీరో కారు దిగడం, చొక్కా చేతులు మడవడం, వెనక్కి తిరగడం, ఆ తిరిగిన మొహం చూసి పదిమంది నోళ్లు తెరవడం, వీటిని మామూలు వేగంతో చూపిస్తే ఏ పెద్ద సినిమా అయినా కాస్త చిన్నదైపోతుంది. ఆ మిగిలిన టైమ్‌లో హీరోయిన్‌కి ఇంకో నాలుగు డైలాగులు రాయొచ్చు.

ఇంకో మాట, పుష్పలో హీరో చిత్తూరు యాస మాట్లాడటం నాకు చాలా నచ్చింది. దాని గురించి కింద మళ్లీ వస్తాను.

మీకు నచ్చిన విలన్?
ఏలూరు నుంచి

ముత్యాల ముగ్గు (1975)లో రావు గోపాలరావు. తెల్లారి సూర్యుణ్ణి చూస్తే మర్డర్ గుర్తొచ్చే మనిషి. గొంతు పెంచడు, కత్తి పట్టడు, ముళ్లపూడి వెంకటరమణ రాసిన మాటలతోనే ఒళ్లు జలదరింపజేస్తాడు. ఇప్పటి విలన్లకి గడ్డం, సుమోలు, వందమంది మనుషులు ఉంటారు గానీ మాట్లాడటానికి ఏమీ ఉండదు. వాళ్లను ముంబై నుంచి తెచ్చి వేరే ఎవరితోనో డబ్బింగ్ చెప్పించడం ఇంకో దారుణం.

మా నాన్న బలవంతం మీద శంకరాభరణం చూశాను. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది. నాలో ఏమైనా లోపమా?
ఓ డిగ్రీ అమ్మాయి, రాజమండ్రి

లోపమేమీ లేదమ్మా. బలవంతంగా చూపిస్తే ఏదైనా బోరే. నాకు కూడా ఆ సినిమాలో శాస్త్రి గారి కోపం కొన్నిచోట్ల మితిమీరినట్టే అనిపిస్తుంది, ఈ మాట అంటే మీ నాన్న గారు నా మీదికి వస్తారేమో.

అయితే దాన్ని ఇంకో కోణంలో చూడు. 1980లో, మాస్ పాటలు, ఫైట్లు రాజ్యమేలుతున్నప్పుడు, కె.విశ్వనాథ్ హీరోగా తీసుకున్నది ఎవరిని? జె.వి.సోమయాజులుని. ఆయన డిప్యూటీ కలెక్టరు, నాటకాల మనిషి, నడివయసు దాటినవాడు. పక్కన మంజుభార్గవి, ఆవిడకి మాటలు చాలా తక్కువ, అంతా కళ్లతోనే నడిపించింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. అదే సినిమాకి వాణీ జయరామ్‌కీ, సంగీతం చేసిన కె.వి.మహదేవన్‌కీ కూడా వచ్చాయి. ఇలాంటి లెక్కతో ఇవాళ ఒక ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్తే కాఫీ ఇచ్చి పంపించేస్తారు. కొన్నాళ్లయ్యాక ఒక్కదానివే, ఫోన్ పక్కన పెట్టి చూడు. అప్పటికీ బోరే అయితే నిక్షేపంగా వదిలెయ్, నీకు మిథునమో ఇంకోటో నచ్చుతుంది.

తెలంగాణ మాట ఒకప్పుడు సినిమాల్లో రౌడీకో జోకరుకో పెట్టేటోళ్లు. బలగం చూసినంక మస్తు సంబరమైంది. మీరేమంటరు?
సిరిసిల్ల పాఠకుడు

నూటికి నూరు పాళ్లు మీ మాటే నాది. 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమాలో కథ అని చెప్పుకోవడానికి ఉన్నది ఒక చావు ఇల్లు, పిండం ముట్టని కాకి. అంతే. కొమురయ్య అనే ముసలాయన పోతాడు, మనవడికి అప్పుల టెన్షన్, కొడుకుకీ అల్లుడికీ ఎన్నడో మాట పట్టింపు వచ్చి ఉంది. ఇందులో హీరో ఎవరని అడిగితే నేను చెప్పలేను, కుటుంబమంతా హీరోనే. అప్పటిదాకా చిన్న కామెడీ వేషాలు వేసిన వేణు యెల్దండి దర్శకుడంటే చాలామంది నమ్మలేదు. ఊళ్లల్లో పంచాయతీ ముందు తెర కట్టి చూపించారు, చూసి ఏడ్చి, ఏళ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు కలిశారని పేపర్లలో వచ్చింది. అందులోని ఊరు పాటకు కాసర్ల శ్యామ్‌కి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

అయితే తెలంగాణ మాట తెరమీద గౌరవంగా వినపడటం బలగంతోనే మొదలైందనుకోవద్దు. గౌతమ్ ఘోష్ తీసిన మా భూమిలో గద్దర్ గొంతెత్తి "బండెనక బండి కట్టి" పాడినప్పుడే మొదలైంది. ఆ సినిమా వెనక ఉన్న బి.నర్సింగరావు తర్వాత 1988లో దాసి తీశారు. అర్చన చేసిన ఆ దాసి పాత్ర మాటలు కొన్నే మాట్లాడుతుంది, గడీలో ఏం జరుగుతోందో అంతా మనకు అర్థమవుతూనే ఉంటుంది. ఆ సినిమాకి జాతీయ అవార్డులు కుప్పగా వచ్చాయి, చూసిన జనం మాత్రం తక్కువ. అవార్డు సినిమా, మామూలు సినిమా అని గోడ కట్టేసింది మనమే. ఆ గోడని బలగం దూకింది, అంతకు ముందు 2018లో కేరాఫ్ కంచరపాలెం దూకింది. విశాఖలో ఆ పేటలో ఉండే మామూలు మనుషుల్నే ఎక్కువగా పెట్టి వెంకటేష్ మహా తీశాడు. యాభైకి దగ్గరపడి, పెళ్లికాని అటెండరు చుట్టూ ఉత్తరాంధ్ర యాసలో కథ నడిపి జనాన్ని హాలుకి రప్పించాడు.

ఇక రాయలసీమ వాళ్ల సంగతే నాకు బాధ. వాళ్లకు దశాబ్దాల తరబడి ఇచ్చింది కొడవళ్లు, సుమోలు, బాంబులే. పుష్ప చిత్తూరు మాటని హీరో నోట్లో పెట్టింది, బాగుంది, కానీ అక్కడా చేతిలో గొడ్డలే ఉంది. అనంతపురంలో ఒక పెళ్లి, కడపలో ఒక టీచరు కుటుంబం, ఆదోనిలో ఒక బట్టల కొట్టు... ఇలాంటి కథ ఎవరైనా తీస్తే మొదటి రోజు టికెట్ నేను కొంటాను.

హీరోయిన్లకు నటించే పాత్రలు ఉన్నాయంటారా ఇప్పుడు?
ఓ గృహిణి, నిజామాబాద్

తక్కువే ఉన్నాయి. మళ్లీ మాయాబజార్‌కే వెళ్తున్నాను, కోప్పడకండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసింది చూడండి. ఆడపిల్ల వేషంలో ఉన్న రాక్షసుడు, ఆ రాక్షసుడు సిగ్గు నటిస్తుంటే మధ్యలో ఎస్వీఆర్ నడక, ఎస్వీఆర్ తల ఎగరేయడం దొర్లిపోతుంటాయి. పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది, ఆవిడ మొహం కూడా సరిగ్గా అప్పుడే మారుతుంది. ఏ హీరోయిన్‌కైనా ఇంత పని ఇచ్చి చూడండి, చేసి చూపిస్తారు. 2018లో మహానటి ఇస్తే కీర్తి సురేష్ చేసి చూపించలేదా? 2019లో నందినీరెడ్డి ఓ బేబీలో సమంతకి పడుచు పిల్ల ఒంట్లో ముసలావిడ వేషం ఇచ్చింది. కొరియన్ కథే అయినా గొణుగుడూ సణుగుడూ అచ్చం మన బామ్మలవే.

మేం డల్లాస్‌లో ఉంటాం. ప్రీమియర్లు ఒక్కటీ వదలం. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. వాళ్లకి ఏ సినిమాలు చూపించాలి?
ఓ సాఫ్ట్‌వేర్ అమ్మ

మొదట ఈగ (2012) పెట్టండి. హీరో మొదటి అరగంటలోనే చచ్చిపోయి ఈగ అవుతాడు, ఆ తర్వాత మాటలతో పెద్దగా పని లేదు. తర్వాత ఆదిత్య 369, 1991లోనే టైమ్ మెషిన్ ఎక్కించి కృష్ణదేవరాయల కొలువుకి తీసుకెళ్లింది. అక్కడ తెనాలి రామకృష్ణుడు ఎవరని పిల్లలు అడుగుతారు, చెప్పే బాధ్యత మీదే. జగదేకవీరుడు అతిలోకసుందరి కూడా బాగా పనిచేస్తుంది, ఉంగరం కోసం దేవకన్య తిరగడం ఏ దేశం పిల్లలకైనా నచ్చుతుంది. ప్రీమియర్లకు మాత్రం చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి, ఇప్పుడు తలకాయలు తెగిపడే సీన్లు ఎక్కువైపోయాయి, పైగా ఆ సౌండుకి పెద్దవాళ్ల చెవులే గింగిర్లెత్తుతున్నాయి.

అన్నట్టు, పైన చెప్పిన కంచరపాలెం సినిమాకి డబ్బు పెట్టింది మీ దేశంలోనే డాక్టరుగా ఉన్న పరుచూరి ప్రవీణ. ప్రీమియర్ టికెట్లకు పెట్టే ఖర్చులో కొంత అలాంటి సినిమాలకు పోతే ఎంత బాగుంటుందో మీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట వేయండి.

చిన్న సినిమా థియేటర్లో చూడాలా, ఓటీటీలోకి వచ్చేదాకా ఆగాలా? నలుగురం వెళ్తే పాప్‌కార్న్‌తో కలిపి వెయ్యి దాటుతోంది.
ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

పాప్‌కార్న్ మానేయండి, సగం సమస్య తీరుతుంది! నేనైతే కామెడీ సినిమా తప్పకుండా హాల్లోనే చూస్తాను, ఒంటరిగా సోఫాలో కూర్చుంటే అంత నవ్వు రాదు. చిన్న సినిమా చూడాలనుకుంటే మాత్రం మొదటి మూడు రోజుల్లోనే వెళ్లండి. సోమవారానికి జనం లేకపోతే షోలు తీసేస్తారు, తర్వాత మంచి టాక్ వచ్చినా చూడ్డానికి హాలు ఉండదు. పెద్ద హీరో సినిమా ఎక్కడికీ పారిపోదు, ఆగొచ్చు.

రీరిలీజ్‌ల పిచ్చి ఎప్పుడు వదులుతుంది?
విజయవాడ

2022 ఆగస్టులో మహేష్ పుట్టినరోజుకి పోకిరి మళ్లీ వేసినప్పటి నుంచి ఊపందుకుంది, ఇప్పట్లో వదలదు. నేనూ వెళ్తాను. తెరమీద డైలాగ్ రాకముందే హాలంతా చెప్పేస్తుంటే భలే ఉంటుంది. కాగితాలు చింపండి, విజిల్ వేయండి, హాల్లో టపాసులు మాత్రం కాల్చకండి బాబూ.

ఇంతమందికి ఇన్ని చెప్పారు. మీ ఒక్క ఫేవరెట్ సినిమా పేరు చెప్పండి, తప్పించుకోకుండా.
కాకినాడ కుర్రాడు

అహ నా పెళ్ళంట, 1987, జంధ్యాల. రాజేంద్రప్రసాద్ హీరో, బాగా చేశాడు కూడా. కానీ మనందరికీ గుర్తుండేది పిసినారి లక్ష్మీపతి, కోట శ్రీనివాసరావు. ఆయన పక్కన నౌకరు అరగుండుగా బ్రహ్మానందం, అక్కడి నుంచే ఆయన దశ తిరిగింది. 2025 జులైలో కోట గారు పోయినప్పుడు జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్న సీన్లలో ఆ కోడి సీను ముందుంది. పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం లాగించే ఆ సీను నువ్వు ఇంకా చూడకపోతే ఇవాళే చూడు, అన్నం తింటూ మాత్రం చూడొద్దు, పొలమారుతుంది.