ఇంట్లో బంగారం, వెండి పెట్టుకోవడం గురించి: మా ఇంట్లో జరిగినవి చెప్తా

మూడు లక్షలు చేతికొచ్చాయి, భార్యాభర్తలం ఇద్దరం పొద్దున పోతే సాయంత్రం గాని ఇంటికి రాము, బ్యాంకుల్లో అడిగితే లాకర్లు ఖాళీ లేవంటున్నారు, బంగారం కొనాలా వెండి కొనాలా, కొంటే హన్మకొండలో అద్దె ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలి, ఇదే కదా మీరు అడిగింది. నేను రెండూ కొన్నాను, ఇంట్లోనే పెట్టాను, కొనడంలోనూ దెబ్బ తిన్నాను, దాచడంలోనూ తిన్నాను. దొంగలు మాత్రం ఇప్పటిదాకా మా ఇంటికి రాలేదు. పోయిందంతా మా చేతులారా పోగొట్టుకున్నదే, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

ముందు కొనడం. 2011లో బాపు ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన డబ్బు నా చేతిలో పెట్టి బిడ్డా ఏదన్నా బంగారం చేయించుకో అన్నాడు. మూడు తులాల గొలుసు తీసుకున్నాం, మా ఊరోళ్ళందరూ పోయే దుకాణమే, తెలిసిన సేటే. హాల్‌మార్క్ అంటే స్వచ్ఛత పరీక్షించి వేసే ముద్ర, అది లేదు, మేమూ అడగలేదు, కేడీఎం బంగారమమ్మా అన్నాడు, మేం అదేదో పెద్ద గ్యారంటీ అనుకున్నాం. కేడీఎం అంటే అతుకులు వేయడానికి కాడ్మియం కలిపి వాడే పద్ధతి, స్వచ్ఛతకి హామీ కాదని నాకు తెలిసేసరికి పదేళ్ళు దాటింది. 2022లో మా పెద్దోడి కాలేజీ ఫీజు కోసం అమ్మబోతే ఇంకో దుకాణంలో మెషీన్‌లో పెట్టి 84 శాతం వచ్చిందన్నారు. 22 క్యారెట్లంటే 91.6 ఉండాలి. ముప్పై గ్రాముల మీద లెక్క వేసుకోండి, రెండు గ్రాముల పైన మేలిమి బంగారం అసలు ఎన్నడూ ఆ గొలుసులో లేనే లేదు. పాత దుకాణానికి పోయి అడిగితే "ఆ రోజుల్లో అందరూ అంతే అమ్మా" అని చాయ్ తెప్పించాడు. మా దగ్గర బిల్లు కూడా లేదు, బరువు, రేటు రాసిన చిట్టీ ఒకటి, అంతే.

ఇప్పుడు ఆ బాధ చాలావరకు తగ్గింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ నంబరు లేకుండా అమ్మకూడదు. నగ మీద మూడు గుర్తులు చూడండి: బీఐఎస్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ త్రికోణం గుర్తు, 22కే916 అని స్వచ్ఛత, ఆ నంబరు. కంటికి ఆనవు, దుకాణంలో భూతద్దం ఉంటుంది, మొహమాటపడకుండా అడగండి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు అక్కడే కొట్టి చూస్తే ఏ వస్తువు, ఎంత స్వచ్ఛత అని వస్తుంది. గాజులని వచ్చి మీ చేతిలో ఉంగరం ఉంటే లేచి వచ్చేయండి. హాల్‌మార్క్ ఛార్జీ ఒక్కో వస్తువుకి 45 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. వందలు రాసే వాళ్ళున్నారు. బిల్లు మీద నికర బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ ఛార్జీ విడివిడిగా ఉండాలి. రేపు స్వచ్ఛత తక్కువని తేలితే ఆ తేడాకి రెండింతలు, పరీక్ష ఖర్చు ఇవ్వాలని రూల్ ఉంది, కానీ బిల్లు ఉన్నవాళ్ళకే ఆ రూల్ పనికొస్తుంది.

రాళ్ళు, గుండ్లు ఉన్నవాటి జోలికి దాచుకోవడం కోసమైతే పోకండి. గుండ్లలో లోపల లక్క ఉంటుంది, కొన్నప్పుడు దాన్ని కలిపే తూచి, అమ్మేటప్పుడు తీసేసి తూచే దుకాణాలున్నాయి. అసలు నగ అంటేనే తరుగు, మజూరి. ఇరవై గ్రాముల గొలుసుకి 14 శాతం తరుగు వేస్తే మీరు డబ్బు కట్టేది 22.8 గ్రాములకి, దాని మీద 3 శాతం జీఎస్టీ. తిరిగి అమ్మితే లెక్కలోకి వచ్చేది ఇరవై గ్రాములే. అంటే బంగారం రేటు 17 శాతం పెరిగితే గాని మీ డబ్బు మీకు రాదు. పెట్టుకుని మురిసిపోవడానికైతే తప్పులేదు, నేనూ కొంటాను, కానీ దాన్ని పొదుపు అని చెప్పుకోకండి.

అలాగని మూడు లక్షలకీ బిస్కెట్ కొనండి అని కూడా చెప్పను, ఎందుకంటే మన దగ్గర బంగారం సగం ఉపయోగం కుదువ పెట్టడానికే. బ్యాంకులు బిస్కెట్ల మీద లోన్ ఇవ్వవు, రిజర్వ్ బ్యాంకు ఒప్పుకోదు. నాణేల మీద కూడా 50 గ్రాముల దాకానే. బ్యాంకు వాళ్ళు వాళ్ళే అమ్మిన నాణేన్ని వాళ్ళే తిరిగి కొనరు, ఇది తెలియక మా చిన్నాయన బ్యాంకు మేనేజర్‌తో గంటసేపు పంచాయితీ పెట్టుకున్నాడు. కాబట్టి నా మాటేంటంటే, అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చొస్తే తెల్లారి కుదువ పెట్టుకోవడానికి పనికొచ్చేలా సగం డబ్బుకి తరుగు తక్కువ పడే సాదా గాజులో, సాదా గొలుసో తీసుకోండి, మిగతా సగానికి ఐదేసి గ్రాముల నాణేలు. పెద్దది ఒకటి కొంటే చిన్న అవసరానికి కూడా మొత్తం అమ్మాల్సి వస్తుంది. రెండు లక్షలు దాటి కొంటే పాన్ అడుగుతారు, ఒకే కొనుగోలుకి రెండు లక్షల నగదు తీసుకోవడం దుకాణం వాళ్ళకీ కుదరదు. ఫోన్ పేనో చెక్కో ఇవ్వండి, అది కూడా ఒక రుజువే అవుతుంది.

వెండి నాకిష్టం, కానీ ఇంట్లో పెట్టుకోవడానికి అదో పెద్ద తలనొప్పి. అంతే విలువకి వెండి ఎన్నో రెట్లు బరువు, ఎన్నో రెట్లు చోటు. పట్టగొలుసులు, కుంకుమ భరిణెలు, పళ్ళాల్లో కలిపేది ఎక్కువ, టంకం ఎక్కువ, అమ్మేటప్పుడు కరిగించి చూస్తాం అంటారు. వెండికి హెచ్‌యూఐడీ 2025 సెప్టెంబర్ 1 నుంచి వచ్చింది గాని తప్పనిసరి కాదు, ఉన్నదాన్ని అడిగి కొనండి. కరీంనగర్ వెండి తీగ పని చూస్తే ఆగబుద్ధి కాదు, మా అత్తమ్మకి ఒక చిన్న పెట్టె కొనిచ్చాం, అది కళ, దాన్ని గ్రాముల లెక్కన చూడొద్దు. దాచుకోవడానికైతే 999, అంటే 99.9 శాతం వెండి, అని ముద్ర ఉన్న బిస్కెట్.

బిస్కెట్ మీద అనుమానం ఉంటే ఇంట్లోనే ఒక పని చేయొచ్చు. వంటింటి డిజిటల్ కాంటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. బిస్కెట్‌ని దారంతో కట్టి గ్లాసు అడుగుకి, అంచుకి తగలకుండా నీళ్ళలో మునిగేలా పట్టుకోండి. వంద గ్రాముల అసలు వెండికి కాంటా దాదాపు 9.5 గ్రాములు చూపిస్తుంది. రాగి అయితే 11 దాటుతుంది, సీసం అయితే 9 లోపే ఉంటుంది. తూకం తేడా వచ్చిందంటే మోసం, తేడా రాలేదంటే మోసం లేదని పూర్తిగా చెప్పలేం, ఎందుకంటే తెలివైనవాడు కలిపి పోయొచ్చు. అయస్కాంతం పెట్టి అంటుకోలేదు కాబట్టి వెండే అనేవాళ్ళని నమ్మకండి, రాగి కూడా అంటుకోదు, సీసం కూడా అంటుకోదు.

ఇక దాచడం. మా నాయినమ్మ మట్టి గోడలో గూడు చేసి, అందులో పెట్టి, పైన మట్టి పూసి, ఎర్రమన్ను అలికి, ఎవరికీ చెప్పకుండా కన్నుమూసింది. ఏదో ఉంది అని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు, ఎక్కడో తెలియదు, ఆ ఏదో చుట్టూ మా చిన్నాయనకి, బాపుకి ఆరేళ్ళు మాటల్లేవు, నువ్వు తీశావంటే నువ్వు తీశావని. స్లాబు ఇల్లు కట్టుకుందామని పాత గోడ పడగొడితే ఇత్తడి చెంబు బయటపడింది. కాళ్ళ కడియాలు ఒక జత, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు పదిహేడు, జార్జి రాజు బొమ్మవి ఆరు. ఇంతేనా అని చిన్నాయన నవ్వి, తర్వాత ఏడ్చాడు.

ఆ రూపాయలతోనే నాకు ఇంకో సంగతి తెలిసింది. ఇంగ్లీషోళ్ళ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, పాత తులం అంటే అదే. ఇప్పుడు దుకాణాల్లో తులం అంటే పది గ్రాములు. నాయినమ్మ "ఐదు తులాలు" అని చెప్పిపోయిన పుస్తెలతాడు 58 గ్రాములు తూగితే ఎవరో ఏదో కలిపారని మళ్ళీ అనుమానం మొదలైంది, లెక్క వేసి చూపిస్తే గాని ఆగలేదు. మీ ఇంట్లో కూడా పాత రూపాయలుంటే వెండి లెక్కన పోసేయకండి, ఒకసారి నాణేలు సేకరించేవాళ్ళకి చూపించండి. అన్నీ మంచి వెండి అని కూడా అనుకోకండి, నిజాం చార్మినార్ రూపాయి పాతదైతే 82 శాతం దాకా వెండి ఉంటుంది, 1940ల్లో వచ్చినవాటిలో సగమే, ఇంగ్లీషోళ్ళవీ 1940 నుంచి 1945 దాకా అంతే.

నేనేమో నాయినమ్మ చేసిన తప్పుకి పూర్తిగా అటు తిరిగి, అన్నీ బీరువా కింది అరలో, బిల్లులతో సహా ఒకే డబ్బాలో పెట్టాను. 2023 జులై ఆఖర్లో నాలా పొంగి మా కాలనీలోకి నీళ్ళొచ్చాయి, గుర్తుందిగా ఆ వాన, మోరంచపల్లి మునిగింది అప్పుడే. మోకాలి లోతు నీళ్ళు ఇంట్లో ఒక రాత్రి. బంగారానికి ఏమీ కాలేదు, దానికి ఏమీ కాదు కూడా. మఖ్మల్ డబ్బాలు కుళ్ళాయి, బిల్లులు పేస్టయ్యాయి. వెండిని మాత్రం అంతకుముందే నేను నాశనం చేశాను, బిస్కెట్లకి పాత పేపరు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. రబ్బర్‌లో గంధకం ఉంటుంది, బ్యాండ్ ఉన్నచోటల్లా నల్ల గీతలు. వెండి గాలి చొరని కవర్లో, మెత్తటి నూలు బట్టలో, పక్కన సిలికా జెల్ పొట్లం వేసి పెట్టండి. నల్లబడితే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వస్తువు దానికి తగిలేలా పెట్టి, వేడి నీళ్ళు, వంట సోడా పోస్తే నలుపు చాలావరకు పోతుంది, రుద్దక్కర్లేదు. రాళ్ళు పొదిగినవాటికి ఇది చేయకండి. మెరుగు పెడతామని వాకిట్లోకి వచ్చేవాళ్ళకి మాత్రం గ్లాసు నీళ్ళు కూడా ఇవ్వకండి, వాళ్ళ ద్రావణంలో మీ బంగారం కరిగి వాళ్ళతో వెళ్ళిపోతుంది.

మీది అద్దె ఇల్లు కాబట్టి చిన్న ఇనుప లాకర్ కొంటే ఇంటి ఓనర్‌ని అడిగి గోడకో నేలకో బోల్టులు వేయించాల్సిందే, బోల్టు వేయని పది కిలోల లాకర్ దొంగకి మోసుకుపోవడానికి పిడి ఉన్న డబ్బా లాంటిది. నంబరు లాకర్‌కి బ్యాటరీ అయిపోతే తెరిచే చెవి ఒకటి ఇస్తారు, దాన్ని లాకర్ లోపలే పెట్టి తలుపేసిన మనిషిని నేను పెళ్ళి చేసుకున్నాను. పడకగది బీరువాలో పెట్టి తాళంచెవి బీరువా మీదే పెట్టడం మనందరి అలవాటు, దొంగ కూడా మనలాంటి ఇంట్లోనే పుట్టాడు కదా. నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో, పడకగది కాని చోట పెట్టండి.

లాకర్ దొరకలేదని బెంగ పెట్టుకోకండి, అడుగుతూ ఉండండి, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి నంబరు తీసుకోండి. కానీ అది కూడా సంపూర్ణ రక్షణ కాదు. దొంగతనం జరిగినా, నిప్పంటుకున్నా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకి వంద రెట్ల దాకానే. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు, లోపల ఇరవై లక్షలున్నా అంతే. వరదల్లాంటివైతే అదీ లేదు. 2024 నవంబర్‌లో మన రాయపర్తిలో బ్యాంకులోనే గ్యాస్ కట్టర్ పెట్టి పంతొమ్మిది కిలోల దాకా బంగారం ఎత్తుకెళ్ళారు కదా, అది కుదువ పెట్టిన బంగారం.

అన్నిటికంటే ఎక్కువగా బయటపెట్టేది మన నోరు, ఇప్పుడు ఫోను. 2024 మేడారం జాతరకి మా వదిన వాళ్ళు నిలువెత్తు బంగారం తూచి, అదే బెల్లం, గద్దెల దగ్గర నుంచి స్టేటస్‌లు పెడుతూనే ఉన్నారు, నాలుగు రోజులు ఇల్లు ఖాళీ అని ఊరంతటికీ చాటింపు వేసినట్టు. ఫోన్ చేసి తిడితే అప్పుడు తీసేసింది. ఊరికి పోయేటప్పుడు పోలీస్ స్టేషన్‌లో చెప్పి పోండి, పక్కింటివాళ్ళని వాకిట్లో లైటు వేయమనండి, ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి.

ఒక నోట్‌బుక్‌లో వస్తువు పేరు, గ్రాములు, హెచ్‌యూఐడీ, కొన్న తేదీ రాసి, బిల్లు ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టండి. దుకాణం బిల్లు ఏడాదిలో తెల్లకాగితం అవుతుంది, కొన్నరోజే ఫొటో తీయండి. ఎక్కడ పెట్టారన్నది మీ ఇద్దరికీ తెలియాలి, ఇంకొకరికి, మీ అమ్మగారికో అన్నకో, అవసరమైతే తెలిసే దారి ఉండాలి. మా ఇంట్లో అది మా ఆడబిడ్డ దగ్గర సీల్ చేసిన కవర్లో ఉంది. పన్నువాళ్ళ భయం గురించి అడిగినట్టున్నారు, సోదా జరిగినా పెళ్ళైన ఆడవాళ్ళ దగ్గర 500 గ్రాములు, పెళ్ళికాని వాళ్ళ దగ్గర 250, మగవాళ్ళ దగ్గర 100 గ్రాముల దాకా నగల్ని స్వాధీనం చేసుకోవద్దని 1994 నాటి ఆదేశం ఉంది, మూడు లక్షల బంగారానికి, అదీ బిల్లుతో, మీకు టెన్షన్ అక్కర్లేదు.

వెండి బిస్కెట్ కొంటే ఆ నీళ్ళ తూకం చేసి ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. మాది మొదటిసారి 10.4 వచ్చి గుండె ఆగినంత పనైంది, చూస్తే బిస్కెట్ గ్లాసు అడుగుని తాకుతోంది, మళ్ళీ పట్టుకుంటే 9.6.