సగం వాటాకు ఆరు లక్షలు: స్వగృహ దుకాణానికి బయటి డబ్బు ఎంత ఖరీదు?

ప్రశ్న: భీమవరంలో మాది చిన్న స్వగృహ దుకాణం. నా పేరు మీదే నడుస్తోంది. జంతికలు, చేగోడీలు, సున్నుండలు, అరిసెలు చేసి అమ్ముతాం. నెలకు 2,40,000 అమ్మకం. సరుకులు 1,30,000, ప్యాకింగ్ 14,000, గ్యాస్, కరెంటు 16,000, పనివాళ్ళ జీతాలు 26,000, అద్దె 8,000, చిల్లర ఖర్చులు 6,000 పోగా 40,000 మిగులుతోంది. ఇందులో హైదరాబాద్‌కు కొరియర్‌లో పంపేది 30,000 దాకా ఉంటుంది. జీఎస్టీ నంబరు లేదు. పండగలకు చేతిపనితో ఆర్డర్లు అందుకోలేక వద్దంటున్నాం. మెషిన్లకు 6 లక్షలు కావాలి. మావారి స్నేహితుడు ఆ డబ్బు తాను పెట్టి సగం వాటా అడుగుతున్నారు. నాలుగు బ్రాంచీలున్న సూపర్ మార్కెట్ వాళ్ళు నెలకు లక్ష రూపాయల సరుకు పెట్టమంటున్నారు, 25 శాతం మార్జిన్, డబ్బు 60 రోజులకు. కాలేజీ ఉత్సవాలకు 40,000 స్పాన్సర్‌షిప్ ఇమ్మని విద్యార్థులు వచ్చారు. సబ్సిడీ లోన్ల మాట కూడా వింటున్నాం. ఏది ఒప్పుకోవాలి?

జవాబు: ఖర్చులు విడివిడిగా రాసి పంపారు. లెక్క ఇంత స్పష్టంగా ఉంటే సలహా ఇవ్వడం తేలిక. ముందు స్నేహితుడి ప్రతిపాదన చూద్దాం. మిగతా మూడింటిలో తప్పు జరిగినా దిద్దుకోవచ్చు, ఇది మాత్రం అంత సులభంగా వెనక్కి తీసుకోలేనిది.

నెలకు 40,000 మిగిలే వ్యాపారంలో సగం అంటే 20,000. ఏడాదికి 2,40,000. ఆయన పెట్టేది 6 లక్షలు. అంటే ఆ డబ్బుకు మీరు ఏడాదికి 40 శాతం ఇస్తున్నట్టు. మెషిన్లు వచ్చి లాభం పెరిగితే అదీ పెరుగుతుంది, పైగా దానికి ఆఖరి వాయిదా అంటూ లేదు. అదే 6 లక్షలు 11 శాతం వడ్డీకి బ్యాంకులో అయిదేళ్ళకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 13,050. అయిదేళ్ళలో కట్టే వడ్డీ మొత్తం లక్షా ఎనభై వేల చిల్లర. అరవయ్యో వాయిదాతో సరి. ఇంకో సంగతి: 6 లక్షలకు సగం వాటా అంటే, మీరు ఇన్నాళ్ళూ కట్టిన దుకాణం, పేరు, ఖాతాదార్లు అన్నీ కలిపి 6 లక్షలేనని ఆయన లెక్కగట్టారు. అది మీ పదిహేను నెలల మిగులు. పైగా ఆ 40,000లో పొయ్యి దగ్గర నిలబడే మీ కష్టానికి జీతం ఇంకా రాసుకోలేదు.

పన్ను సంగతి చాలామంది ఆలోచించరు. ఇప్పుడు వ్యాపారం మీ ఒక్కరి పేరు మీద ఉంది కాబట్టి 4,80,000 లాభం మీ సొంత ఆదాయం. కొత్త పన్ను విధానంలో, వేరే ఆదాయం లేకపోతే, దీనికి పన్ను పడదు. భాగస్వామ్య సంస్థ అయితే స్లాబులు లేవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. ఒప్పందపత్రంలో పనిచేసే భాగస్వామికి జీతం అని రాయకపోతే ఇదే 4,80,000 మీద 1,49,760 కట్టాలి. జీతం రాసుకుంటే మొదటి 6 లక్షల లాభంలో 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు ఖర్చుగా ఒప్పుకుంటారు, పన్ను బాగా తగ్గుతుంది. భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20,000 దాటితే 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా పట్టాలి.

ఇంకా ఉంది. సంస్థ మారితే పాన్ మారుతుంది. దానితో జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), ఫుడ్ లైసెన్స్, కరెంట్ అకౌంట్ అన్నీ కొత్తవి తీసుకోవాలి. సంస్థ అప్పులకు మీ సొంత ఆస్తి కూడా పూచీ, ఆయన సంస్థ పేరుతో చేసిన బాకీతో సహా. 1932 నాటి చట్టం ప్రకారం భాగస్వామ్యాన్ని రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే సూపర్ మార్కెట్ మీకు బాకీ పడినా కోర్టులో దావా వేయలేరు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలు చేసుకుని అయిపోయిందనుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

స్నేహితుడి డబ్బే కావాలనుకుంటే అప్పుగా అడగండి. ఏడాదికి 12 శాతం, మూడేళ్ళు, ప్రాంసరీ నోటు. ఇచ్చేదీ తీసుకునేదీ బ్యాంకు ద్వారానే. 20,000, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపన్ను చట్టం ప్రకారం జరిమానా ఉంటుంది. ఆయన వాటాయే కావాలని పట్టుబడితే నా హద్దు ఇది: వాటా 20 శాతం మించకూడదు. లాభం పంచే ముందు మీ జీతం పక్కకు తీయాలి. చెక్కు మీద సంతకం మీదే. ఎవరైనా తప్పుకుంటే వాటాకు విలువ ఎలా కట్టాలో, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలో, తప్పుకున్నవాళ్ళు భీమవరంలో ఇదే వ్యాపారం ఎన్నేళ్ళు పెట్టకూడదో ముందే రాసుకోవాలి. ఇవన్నీ మాట్లాడుకునేది స్నేహం బాగున్నప్పుడే. దుకాణం పేరును ట్రేడ్‌మార్క్‌గా మీ సొంత పేరు మీద రిజిస్టర్ చేయించుకోండి. పిండివంటలు 30వ తరగతి కిందికి వస్తాయి, ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రుసుము 4,500. ఆ పేరును వాడుకోవడానికి సంస్థకు మీరు అనుమతి ఇచ్చినట్టు ఒప్పందంలో రాయండి. విడిపోయిన రోజున పేరు మీ దగ్గరే ఉంటుంది.

మెషిన్లకు నేను ముందు చూడమనేది పీఎంఎఫ్ఎంఈ పథకం. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చింది, ఇప్పటికే నడుస్తున్న యూనిట్లకూ వర్తిస్తుంది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మీ 6 లక్షలకు 2,10,000 వస్తుంది. చేతినుంచి కనీసం 10 శాతం, అంటే 60,000 పెట్టాలి, మిగతాది బ్యాంకు లోను. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. పథకం గడువు 2024-25తో ముగియాల్సింది, తర్వాత పొడిగించారు. అందుకే కాగితాలు సిద్ధం చేసుకునే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని అడగండి. ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడానికి ప్రతి జిల్లాలో రిసోర్స్ పర్సన్లను పెట్టారు. వాళ్ళ ఫీజు పథకమే ఇస్తుంది, మీ దగ్గర కమీషన్ అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

ఈ సబ్సిడీ విషయంలో ఎక్కువమంది పొరబడేది రెండు చోట్ల. ఒకటి, సబ్సిడీ చేతికి వస్తుందనుకోవడం. అది మీ లోనుకు జతగా ఉండే ఖాతాలో పడుతుంది. లోను ఆఖరి విడత తీసుకున్నాక మూడేళ్ళపాటు వాయిదాలు సరిగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో సర్దుతారు. మధ్యలో లోను మొండిబాకీ అయితే అది దక్కదు. కాబట్టి సబ్సిడీ లేదనుకున్నా నెల వాయిదా కట్టగలనా అని చూసుకునే దిగండి. మీ 40,000 మిగులుకు 12,000 వాయిదా బరువు కాదు. రెండోది, పండగ ముంచుకొస్తోందని మెషిన్ ముందే కొనేయడం. మంజూరు కాకముందు చేతి డబ్బుతో కొన్నది సబ్సిడీ లెక్కలోకి రాదు. జీఎస్టీ నంబరున్న డీలర్ దగ్గర కొటేషన్ తీసుకుని ఆగండి, డబ్బు బ్యాంకే నేరుగా డీలర్‌కు పంపుతుంది.

6 లక్షలూ మెషిన్లకే పెట్టేయకండి. పిండి కలిపేది, జంతికలు వత్తేది, వేయించాక నూనె తీసేది, నైట్రోజన్ నింపి సీల్ వేసేది చాలు. ఆఖరిదాన్ని ఖర్చని మానేయొద్దు. ప్యాకెట్‌లో గాలి ఉంటే వేయించిన సరుకుకు పాత నూనె వాసన వచ్చేస్తుంది, సూపర్ మార్కెట్ నుంచి వాపసు వచ్చేదాంట్లో అదే ఎక్కువ. త్రీఫేజ్ కనెక్షన్, లోడు పెంచే డిపాజిట్ కూడా బడ్జెట్‌లో రాసుకోండి. మెషిన్ వచ్చి కరెంటు కోసం మూలన పడి ఉంటే వాయిదా మాత్రం ఆగదు.

పీఎంఎఫ్ఎంఈ కుదరకపోతే ముద్ర లోను ఉంది. 5 నుంచి 10 లక్షల దాకా తరుణ్ విభాగం. సబ్సిడీ ఉండదు, తాకట్టూ అక్కర్లేదు. చిన్న యూనిట్లకు 10 లక్షల లోపు లోనుకు తాకట్టు అడగవద్దని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది, మేనేజరు ఇంటి కాగితాలు అడిగితే ఆ మాట గుర్తుచేయండి. పీఎంఈజీపీ అనే మరో సబ్సిడీ లోను జోలికి వెళ్ళకండి, అది కొత్తగా పెట్టే యూనిట్లకు. ఏ లోనుకైనా మేనేజరు చూసేది కరెంట్ అకౌంట్‌లో తిరిగిన డబ్బు, రెండేళ్ళ ఐటీ రిటర్నులు. దుకాణం క్యూఆర్ కోడ్ ఇంట్లోవాళ్ళ సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉంటే ఈ వారమే మార్చండి. అలా వచ్చిన అమ్మకం బ్యాంకు దృష్టిలో మీ వ్యాపారానిది కాదు.

సూపర్ మార్కెట్ దగ్గరికి వద్దాం. దీనికి ముందు జీఎస్టీ తేలాలి. మీ అమ్మకం ఏడాదికి 28,80,000. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకు పరిమితి 40 లక్షలు కాబట్టి అవసరం లేదనుకున్నారేమో. ఆ పరిమితి రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకే. భీమవరం నుంచి హైదరాబాద్‌కు పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మకం, వెయ్యి రూపాయల పార్శిల్‌కైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. అమ్మకంలో 1 శాతం కట్టే కాంపోజిషన్ పథకం చవకే. అయితే అందులో ఉన్నవాళ్ళు బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. మామూలు రిజిస్ట్రేషన్ అయితే, 2025 సెప్టెంబరు నుంచి పిండివంటల మీద పన్ను 5 శాతమే. ధరలు పెంచకపోతే నెలకు 11,400 దాకా పన్ను. నూనె, కవర్లు, కమర్షియల్ సిలిండర్ల మీద మీరు కట్టింది తగ్గించుకుంటే నికరంగా పడేది 6,000 అటూ ఇటూ ఉంటుంది. హైదరాబాద్ అమ్మకం మీద మీకు మిగిలేది దాదాపు 10,000. అందుకని హైదరాబాద్‌ను వదులుకోకుండా మామూలు రిజిస్ట్రేషన్ తీసుకోమంటాను. ఇప్పటిదాకా పంపిన పార్శిళ్ళ సంగతి అకౌంటెంట్‌కు దాచకుండా చెప్పండి.

ఇప్పుడు 100 రూపాయల ప్యాకెట్ చూడండి. పన్ను తీస్తే 95.24. దానిలో 25 శాతం వాళ్ళకు పోతే మీకు వచ్చేది 71.43. సరుకు, ప్యాకింగ్, గ్యాస్ కలిపి మీ ఖర్చు 67, పన్ను వాపసు పోగా 65 అనుకుందాం. మిగిలిన ఆరున్నరలో విరిగినవి, గడువు దాటినవి మూడు నాలుగు రూపాయలు తింటాయి. అంటే వంద మీద మూడు రూపాయలు. లక్ష రూపాయల సరుకుకు నెలకు 3,000 రావడం కోసం, 60 రోజుల అరువు కింద 1,43,000 వాళ్ళ దగ్గర ఇరుక్కుంటుంది. ఈ షరతులతో ఒప్పుకోవద్దు.

అలాగని మార్కెట్‌ను వదులుకోవద్దు. వాళ్ళ కోసం వేరే సైజు చేయండి. మీ దుకాణంలో 250 గ్రాములు 100 అయితే, అక్కడికి 200 గ్రాముల ప్యాకెట్ 95కు. మార్జిన్ 20 శాతం దగ్గర తేల్చుకుంటే పన్ను పోగా మీకు 72 వస్తుంది, ఖర్చు 52. వాపసులు పోయినా ప్యాకెట్‌కు 17 మిగులుతుంది. మొదట ఒక్క బ్రాంచిలో మూడు నెలలు పెట్టి ఏది కదులుతుందో చూసుకోండి. వాపసు అయిదు శాతం మించకూడదని, గడువుకు పది రోజుల ముందే చెప్పాలని రాయించుకోండి.

అరవై రోజుల మాట మీరు మోయనక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ చాలు. అది ఉన్న చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. అంతకన్నా పనిచేసేది పన్ను నిబంధన: గడువు దాటిన బిల్లును ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా చెల్లించకపోతే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా వాళ్ళు చూపుకోలేరు. వాళ్ళ అకౌంటెంట్‌కు ఇది బాగా తెలుసు, మీ బిల్లు మీద ఉద్యమ్ నంబరు ఉంటే చాలు. సరుకు ఇవ్వకముందే రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. ‘అమ్ముడుపోతేనే డబ్బు’ అనే పద్ధతికి మాత్రం తలూపకండి. సరుకు వాళ్ళు కొన్నట్టు పర్చేజ్ ఆర్డర్ లేకపోతే 45 రోజుల లెక్క ఎప్పుడు మొదలైందో తేల్చడమే వివాదమవుతుంది.

కాలేజీ స్పాన్సర్‌షిప్‌కు 40,000 ఇస్తే, వంద అమ్మకానికి మీకు మిగిలేది 33 కాబట్టి, ఆ డబ్బు రాబట్టడానికే 1,20,000 అదనపు అమ్మకం కావాలి. స్టేజీ వెనక ఫ్లెక్సీ చూసి అంత రాదు. నగదు బదులు సరుకు ఇస్తామనండి: వంద గ్రాముల ప్యాకెట్లు 400, మీకు పడే ఖర్చు 10,800. ప్రతి ప్యాకెట్ మీద ఫోన్ నంబరు, పది రూపాయల తగ్గింపు కూపన్. బదులుగా పిండివంటల స్టాల్ మీ ఒక్కరిదే ఉండాలని అడగండి. ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్కపెడితే వచ్చే ఏడాది ఎంత ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

మీరు అడగని మార్గం ఒకటుంది, మీ ఊరికి అది చాలా అనువైనది. పెళ్ళి సారెలు, సీమంతాల ఆర్డర్లు తెచ్చే ఫంక్షన్ హాళ్ళ మేనేజర్లు, కేటరింగ్ వాళ్ళతో 5 నుంచి 8 శాతం కమీషన్‌కు ఒప్పందం చేసుకోండి. ఆర్డరు రోజున సగం, సరుకు తీసుకెళ్ళేటప్పుడు మిగతా సగం. అలా వచ్చే అడ్వాన్సుతోనే బెల్లం, నెయ్యి, నూనె కొనొచ్చు. దానికి వడ్డీ లేదు, వాటా అడిగేవాళ్ళూ లేరు. కమీషన్ మాత్రం ఖాతాదారు పూర్తి డబ్బు కట్టాకే ఇవ్వండి, మౌఢ్యం నెలల్లో సారెలు ఉండవు కాబట్టి లోను వాయిదాను ఈ ఆదాయం మీద లెక్కవేసుకోకండి.