మోకాలి నొప్పి, బోర్డర్‌లో షుగర్... ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లొచ్చా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో, ఆఫీసు దర్గామిట్టలో, దూరం నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో. రోజంతా కుర్చీలోనే పని. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 82 కిలోలు. మొన్న పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది, ఇంకా షుగర్ కాదు, బోర్డర్‌లో ఉన్నారన్నారు. బీపీకి రోజూ ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వేసుకుంటున్నాను, ఇప్పుడు 136/86 ఉంది. వాకింగ్ రెండుమూడు సార్లు మొదలుపెట్టాను, పొద్దున పిల్లల స్కూలు హడావుడి, సాయంత్రం అలసట, నిలబడలేదు. బండి పక్కన పెట్టి ఆఫీసుకు సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నాను. మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు నొప్పి పెడుతుంది, సైకిల్ తొక్కితే ఇంకా అరిగిపోతుందని అందరూ భయపెడుతున్నారు. మా ఆవిడకేమో ట్రాఫిక్ అంటే టెన్షన్. మన ఎండల్లో బీపీ ఉన్నవాళ్లు ఇలా తిరగొచ్చా? - ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: నిక్షేపంగా వెళ్లండి. మీరు రాసినదాంట్లో సైకిల్ వద్దనడానికి నాకు కారణం కనిపించలేదు, తొక్కమనడానికి మాత్రం నాలుగైదు కనిపించాయి. వాకింగ్ ఎందుకు నిలబడలేదో మీరే చెప్పారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది మాట కూడా ఇదే. వ్యాయామం కోసమని రోజులో వేరే గంట తీసిపెడితే ఆ గంటను ఏదో ఒకటి మింగేస్తుంది, చుట్టాలు వస్తారు, ఆడిట్ వస్తుంది, పిల్లలకు పరీక్షలు వస్తాయి. ఆఫీసుకు వెళ్లడం మాత్రం ఎవరూ మానలేరు కదా, ఆ వెళ్లడమే వ్యాయామం అయితే ఇక వాయిదా వేయడానికి సాకు దొరకదు. నేను సైకిల్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇదే.

మీ లెక్కే చూద్దాం. నాలుగు కిలోమీటర్లు తీరిగ్గా తొక్కినా ఇరవై నిమిషాలు. రానూ పోనూ నలభై. వారానికి ఐదు రోజులంటే 200 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మీరు జిమ్ మొహం చూడకుండానే ఆ లెక్కలోకి వచ్చేస్తారు. బండి మీద అయితే పది, పదిహేను నిమిషాల్లో వెళ్తున్నారనుకుందాం, అంటే రోజుకు మీరు కొత్తగా ఖర్చు పెట్టేది పది నిమిషాలో ఇరవై నిమిషాలో.

ఇక షుగర్. హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటాం, 6.5కి చేరితే మధుమేహం. మీరు గట్టు మీద ఉన్నారు, ఇప్పుడైతే వెనక్కి రావడం సులువు. కండరం పని చేస్తున్నప్పుడు రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ సాయం లేకుండానే లాక్కోగలదు, తొడల్లో ఉన్నవి మన ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు, సైకిల్ తొక్కేటప్పుడు పని చేసేవి ముఖ్యంగా అవే. తొక్కడం ఆపాక కూడా ఆ ప్రభావం ఇంచుమించు ఒక రోజు ఉంటుంది, అందుకే వీలైనంతవరకు వరసగా రెండు రోజులకు మించి ఖాళీ ఇవ్వొద్దు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మీలాగే గట్టు మీదున్న మనవాళ్ల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి మార్చుకుని, రోజూ అరగంట చురుగ్గా నడిచినవాళ్లలో షుగర్ వ్యాధిగా మారే అవకాశం 28 శాతం దాకా తగ్గింది. అప్పటికే రోజూ అరగంటకు పైగా నడిచి గానీ సైకిల్ మీద గానీ తిరిగేవాళ్లకు అందులో కొత్త వ్యాయామమేమీ చెప్పలేదు, చేస్తున్నదే చేస్తూ ఉండమన్నారు. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా జనాన్ని గమనించి 2017లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లలో గుండె జబ్బులూ మరణాలూ బాగా తక్కువగా కనిపించాయి. ఆ ఘనత అంతా సైకిల్‌దే అని తేల్చలేం, సైకిల్ తొక్కేవాళ్లు మిగతా విషయాల్లోనూ ఒళ్లు చూసుకునేవాళ్లే అయి ఉండొచ్చు. అయినా ఆ తేడా పట్టించుకోవాల్సినంత పెద్దదే.

మీ భయమంతా మోకాలి మీదే ఉన్నట్టుంది, కాస్త వివరంగా చెబుతాను. నడుస్తున్నప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు మీ 82 కిలోలూ మోకాలి మీద పడతాయి, దిగేటప్పుడైతే మోకాలి చిప్ప వెనక ఒత్తిడి అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. సైకిల్ మీద బరువు చాలావరకు సీటు మోస్తుంది. కాబట్టి కీలు అరిగిపోతుందన్న మాట పట్టించుకోకండి, మోకాళ్ల అరుగుదల మొదలైనవాళ్లకు కూడా మేం సైకిల్ తొక్కమనే చెబుతాం. తొడ ముందు కండరం గట్టిపడితే చిప్ప మీద భారం తగ్గుతుంది.

అయితే సీటు ఎత్తు సరిగ్గా ఉండాలి. మన దగ్గర నూటికి తొంభై మంది సీటు మరీ కిందికి పెట్టుకుంటారు, ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని. అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ బాగా ముడుచుకునే ఉంటుంది, చిప్ప మీద ఒత్తిడి పెరిగి అచ్చం మీరు చెప్పిన చోటే నొప్పి వస్తుంది, ఆ తప్పు సైకిల్ మీదకు పోతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్ పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి, అప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి. ఇక తొక్కేటప్పుడు పెట్టేది ముందుపాదం కాబట్టి మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది, కావాల్సింది అంతే. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగడం రెండు రోజుల్లో అలవాటవుతుంది. తొక్కడం మొదలుపెట్టాక మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సీటు ఇంకాస్త పెంచండి, వెనక పిక్క పైభాగం లాగితే కాస్త దించండి. టైర్లలో గాలి తక్కువైతే బండి బరువెక్కి మోకాలే ఆ బరువు మోయాలి, వారానికోసారి గాలి కొట్టించండి. గేర్ల సైకిల్ అక్కర్లేదు, మన ఊరు బల్లపరుపు. ఉంటే మాత్రం తేలిక గేరులో పెట్టి కాళ్లు చకచకా తిప్పండి, బరువు గేరులో బలంగా తొక్కడం మీ మోకాలికి పడదు.

మొదటి రెండు వారాలు తొడలు పట్టేసినట్టుంటే కంగారు పడొద్దు. మోకాలు వాచినా, నొప్పి మర్నాటికి కూడా తగ్గకపోయినా రెండు రోజులు ఆపి, సీటు మళ్లీ చూసుకుని తక్కువ దూరంతో మొదలుపెట్టండి. మోకాలు మడతలో ఇరుక్కుపోయినట్టయినా, నడుస్తుంటే పట్టు తప్పినా ఎముకల డాక్టర్‌కు చూపించాలి.

ఎండ విషయంలో మీ భయం నిజమే. మే నెలలో మన జిల్లాలో 42, 43 డిగ్రీలు మామూలు, పైగా సముద్రం దగ్గర కాబట్టి ఉక్క, చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ ఐదారు వారాలు ఆఫీసుకు సైకిల్ మానేయండి, తెల్లవారుజామున మీ వీధుల్లోనే ఒక అరగంట తొక్కి రండి. మిగతా నెలల్లో తొమ్మిది లోపే బయల్దేరితే ఇబ్బంది ఉండదు. మీరు వేసుకునే ఆమ్లోడిపిన్‌తో సైకిల్‌కు పేచీ లేదు. బీపీకి ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఎండలో త్వరగా నీరసపడతారు, వాళ్లు డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి. నీళ్లు చాలు, పలచటి మజ్జిగ ఇంకా మంచిది, అందులో ఉప్పు మాత్రం గుప్పించకండి. దారిలో తలనొప్పి, వికారం, ఒళ్లు తూలడం అనిపిస్తే ఇంకొంచెమే కదా అని లాగొద్దు, దిగి నీడకు చేరండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల సంగతి తెలిసిందే, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయంటే ఏ గుంట ఎక్కడుందో కనిపించదు, ఆ రోజు ఆటోలో వెళ్లండి. వానలకు పది రోజులు మానాల్సి వచ్చినా పెద్ద నష్టం లేదు, మళ్లీ మొదలుపెట్టకపోతేనే నష్టం.

మీ ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. అయ్యప్ప గుడి సెంటర్ దగ్గర సాయంత్రం ఆరు గంటలప్పుడు పరిస్థితి నాకూ తెలుసు. ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద దారంతా తొక్కి చూసుకోండి, వీలైన చోటల్లా మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధులు పట్టండి, రెండు నిమిషాలు ఎక్కువైనా పొగ తగ్గుతుంది, లారీల బాధ తప్పుతుంది. పెద్ద సెంటర్లలో దిగి సైకిల్ నడిపించుకుంటూ దాటడంలో నామోషీ లేదు. రోడ్డు అంచున ఇసుక ఉంటుంది, అక్కడ బ్రేకు కొడితే జారతారు, కాబట్టి మరీ అంచుకు పోకండి, ఆగి ఉన్న కార్లకు చేతి దూరం వదలండి, డోరు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. హెల్మెట్ పెట్టుకోండి, చట్టం అడగకపోయినా మీ తల కోసం. వెనక ఎర్ర లైటు, మడ్‌గార్డుకు మెరిసే స్టిక్కరు చీకటి పడ్డాక ప్రాణాలు కాపాడతాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. సైకిళ్లకు వేరే దారి లేకపోవడం మన పట్టణాల్లో పెద్ద లోటు, నెల్లూరైనా ఒంగోలైనా అంతే. మేస్త్రీలు, పాలవాళ్లు, వాచ్‌మెన్లు ఎన్నో ఏళ్లుగా ఈ రోడ్ల మీదే ప్రాణాలు అరచేత పెట్టుకుని తొక్కుతున్నారు, మీలాంటి ఆఫీసు ఉద్యోగులు నలుగురు వాళ్లతో కలిస్తే దారి కావాలని అడిగే గొంతు పెరుగుతుందని నా ఆశ.

చెమట సంగతంటారా, ఒక చొక్కా, తువ్వాలు ఆఫీసు బీరువాలో పెట్టుకుంటే సరిపోతుంది.

మొదటి వారం రెండు రోజులే వెళ్లండి, తర్వాత మూడు, నెలకల్లా ఐదు. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే వేగం తగ్గించాలి, గుండె మీద ఎంత భారం పడుతోందో తెలుసుకోవడానికి మీకు ఇంతకంటే పరికరం అక్కర్లేదు. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే దిగి ఆసుపత్రికి వెళ్లాలి, గ్యాస్ అనుకుని ఇంటికి పోవద్దు. ఇప్పటికే మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తున్నా, తండ్రికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నా ముందు డాక్టర్‌ను కలిసి, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని మొదలుపెట్టండి. ఇది చదువుతున్న షుగర్ పేషెంట్లకు ఒక మాట, మీరు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే దారిలో షుగర్ పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ పొడో నాలుగు చక్కెర బిళ్లలో ఉండాలి. పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు చెప్పులతో తొక్కొద్దు, బూట్లు వేసుకోండి.

సైకిల్ తొక్కాం కదా అని టిఫిన్‌లో రెండు దోసెలు ఎక్కువ లాగిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మీ బరువులో నాలుగైదు కిలోలు తగ్గినా షుగర్‌లో, బీపీలో తేడా తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది కాబట్టి వారానికే పరీక్షకు పరుగెత్తకండి, మూడు నెలలయ్యాక చేయించండి, ఈలోగా బీపీ వారానికోసారి ఒకే సమయానికి చూసి రాసి పెట్టుకోండి. బీపీ తగ్గుతూ వస్తే ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించండి, మాత్ర తగ్గించాలో వద్దో ఆయన తేలుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.