సాక్ష్యం ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: నేను ఎనుమాముల మార్కెట్‌లో హమాలీని. చాలా ఏళ్లు గుడుంబాకు, ఆ తరువాత బెల్టు షాపు మందుకు బానిసనయ్యాను. తాగి నా భార్యను కొట్టిన రోజులూ ఉన్నాయి. ఆరోగ్యం చెడి ఆసుపత్రిలో చేరినప్పుడు ఒక సహోదరుడు వచ్చి నా కోసం ప్రార్థించారు. అక్కడి నుంచి సంఘానికి వెళ్లడం, బాప్తిస్మం పొందడం జరిగింది. అప్పటి నుంచి మందు ముట్టలేదు. ఇప్పుడు ప్రతి ఉపవాస కూడికలోనూ నన్ను నిలబెట్టి సాక్ష్యం, అంటే దేవుడు నన్ను ఎలా మార్చాడో, చెప్పమంటున్నారు. పాత సంగతులు విడమరిచి చెబితేనే వినేవారు కదులుతారని పెద్దలు అంటారు. ఆసుపత్రి మాట ఎత్తితే దేవుని మహిమ తగ్గుతుందని ఒకరు అన్నారు. నేను చెబుతున్నంతసేపూ నా భార్య తల వంచుకుని కూర్చుంటుంది. మార్కెట్‌లో తోటివారు ‘ఎట్ల మారినవే?’ అని అడిగితే మాత్రం నాకు నోట మాట రాదు. నేనేం చేయాలి? — ఒక సోదరుడు, వరంగల్

జవాబు: సోదరా, మీరు రాసిన వాటన్నిటిలోకీ మీ భార్య తల వంచుకోవడమే పెద్ద సంగతి కనుక దానితోనే మొదలుపెడతాను. మీరు కొట్టిన దెబ్బలు తిన్నది ఆవిడ. కాబట్టి ఆ కథలో సగం ఆవిడది. ఆవిడను అడగకుండా ఆ సగాన్ని నలుగురి ముందు పెట్టే హక్కు మీకు గాని, మిమ్మల్ని నిలబెట్టిన పెద్దలకు గాని లేదు. ఏ మాట చెప్పవచ్చో, ఏది వద్దో ఇంట్లో కూర్చుని ఆవిడనే అడగండి; వద్దన్నవాటిని మళ్లీ ఎత్తకండి. ‘తాగి ఇంటివాళ్లను చాలా బాధపెట్టాను’ అంటే చాలు, వినేవారికి అంతకు మించి తెలియనక్కర లేదు. ఆవిడ మిమ్మల్ని క్షమించిందని మీరు మైకులో ప్రకటించడం కూడా తగదు, అది ఆవిడ తనంతట తాను చెప్పవలసిన మాట. యేసు శిష్యులను హింసిస్తూ వచ్చి దమస్కు మార్గంలో మారిన సౌలు (ఈయనే పౌలు) యెరూషలేముకు వచ్చినప్పుడు అక్కడి శిష్యులు నమ్మక భయపడ్డారనీ, బర్నబా పూచీపడి వెంటబెట్టుకొని వెళ్లిన తరువాతే చేర్చుకున్నారనీ అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయంలో చదువుతాం. దెబ్బ తిన్నవారు నమ్మడానికి ఆలస్యం చేస్తే దానికి అవిశ్వాసమని పేరు పెట్టకండి.

పాత సంగతులు ఎంత చెప్పాలన్న ప్రశ్నకు పౌలే మంచి ఆధారం. ఆయన మార్పు చెందిన వృత్తాంతాన్ని అదే పుస్తకం 9వ అధ్యాయంలో లూకా రాయగా, 22లోనూ 26లోనూ పౌలు స్వయంగా చెప్పాడు. అగ్రిప్ప రాజు ఎదుట ఆయన తన క్రూరత్వాన్ని దాచలేదు. పరిశుద్ధులను చెరసాలలో వేయించాననీ, వారిని చంపినప్పుడు సమ్మతించాననీ ఒప్పుకున్నాడు. అయితే అక్కడే తిరుగుతూ ఉండిపోక, తనకు ఎవరు ఎదురయ్యారో, ఏ పని అప్పగించారో, ఆనాటి వరకు తాను ఏం చేస్తూ వచ్చాడో చెప్పడానికి ఎక్కువ భాగం కేటాయించాడు. యెరూషలేములో యూదుల గుంపు ఎదుట మాట్లాడినప్పుడు, దమస్కులో తన దగ్గరకు వచ్చిన అననీయ ధర్మశాస్త్రం ప్రకారం భక్తిపరుడని ప్రత్యేకంగా చెప్పిన పౌలే, అగ్రిప్ప ముందు అననీయ పేరే ఎత్తలేదు. వినేవారిని బట్టి ఏది చెప్పాలో ఎంచుకోవడంలో దోషం లేదు. జరగనిది కలపడం మాత్రం అబద్ధమే. మన కూడికల్లో మొదటి ఏడాది ఒక సీసాగా ఉన్న పాపం మూడో ఏటికి పెట్టె అయ్యే సాక్ష్యాలను నేనూ విన్నాను. అటువంటప్పుడు వినేవారి ‘హల్లెలూయ’కు ఆ పాపం పెంచడంలో కొంత వాటా ఉంటుంది.

ఆసుపత్రి మాట తప్పక చెప్పండి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటుంది. వైద్యుల పర్యవేక్షణ అవసరమయ్యేది అందుకే. మీరు చికిత్స సంగతి దాచి ప్రార్థన మాత్రమే చెబితే, మీ మాట నమ్మిన ఒక తల్లి తన కొడుకును దవాఖానకు తీసుకుపోకుండా గదిలో పెట్టి తలుపు వేయవచ్చు. లూకాను పౌలు ‘ప్రియుడైన వైద్యుడు’ అని పిలిచాడు. వైద్యుణ్ణి వెంట ఉంచుకున్నందుకు ఆయన పరిచర్యకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక మార్కెట్. గెరాసేనుల దేశంలో దయ్యాలు వదలిన మనిషి యేసుతోనే ఉంటానని బతిమాలుకున్నా, ఆయన ఒప్పుకోక, ఇంటివారి దగ్గరకు వెళ్లి జరిగినది చెప్పమని పంపించాడు. సమాధుల్లో అరుస్తూ తిరిగినప్పుడు చూసినవారు, గొలుసులతో కట్టినవారు అక్కడే కదా ఉన్నారు! కూడికలో మీ మాటకు ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. మార్కెట్‌లో వేస్తారు, అందుకే అక్కడ నోరు పెగలదు. అయినా మీ సాక్ష్యాన్ని సరిచూడగలిగేది వాళ్లే కాబట్టి మొదటి చోటు అదే. వాళ్లు అడిగిన భాషలోనే, అడిగినంతే చెప్పండి: ‘మానాలని చానాసార్లు అనుకున్న, నాతోని కాలే. దవఖానల ఉన్నప్పుడు ఒకాయన యేసయ్య పేరు మీద ప్రార్థన జేసిండు. అప్పటిసంది దేవుడే నన్ను వట్టుకున్నడని నమ్ముతున్న.’ ఇంతకంటే ఎక్కువ అడిగితే తెలిసినది చెప్పండి, తెలియనిది తెలియదనండి. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడు పరిసయ్యులకు ఇచ్చిన జవాబు ఆ పాటిదే: గుడ్డివాడినైన నేను ఇప్పుడు చూస్తున్నాను, అదొక్కటే తెలుసు అన్నాడు.

మేడారం జాతరకు బండి కట్టే తోటివారిని గాని, వారి దేవతలను గాని కించపరిచే మాట మీ సాక్ష్యంలో ఉండకూడదు. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు, పౌలు వెంట ఉన్నవారు తమ దేవతను దూషించలేదని చెప్పి జనాన్ని సముదాయించినది ఆ పట్టణపు కరణమే. మరొక మాట: తాగుడు రోజుల్లో తీసుకున్న చేబదుళ్లు ఎవరికైనా మిగిలి ఉంటే, కొద్దికొద్దిగానైనా తీర్చడం మొదలుపెట్టండి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మీరు అసలు తీర్చినా హమాలీల్లో ఆ వార్త మీకంటే ముందే నడుస్తుంది.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. పిల్లలకు తరగతిలో నా సాక్ష్యం చెప్పవచ్చా? — ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చెప్పకూడదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ప్రచారం చేసే స్వేచ్ఛను అందరికీ ఇచ్చినా, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధనను 28వ అధికరణం నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, మార్కులు వేసే మనిషి చెప్పే సాక్ష్యానికి పిల్లవాడు కాదని తల అడ్డంగా ఊపలేడు. సహోద్యోగి అడిగితే బడి వేళల తరువాత నిరభ్యంతరంగా చెప్పండి.

ప్రశ్న: మా తాతల కాలం నుంచీ మాది క్రైస్తవ కుటుంబం. నేను చెడు అలవాట్లలో పడలేదు, గొప్ప అద్భుతమేదీ చూడలేదు. యూత్ కూడికలో సాక్ష్యం చెప్పమంటే నా దగ్గర ఏమీ లేదనిపిస్తుంది. — ఒక సోదరి, జనగామ

జవాబు: అమ్మా, పౌలు శిష్యుడు తిమోతికి కూడా దమస్కు మార్గం లేదు. అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని పౌలు మెచ్చుకుంటూ రాశాడు. బాల్యం నుంచి లేఖనాలు ఎరగడం అతనికి చిన్నతనమేమీ కాలేదు. తాగనివారు, కొట్టనివారు కూడా పగ పెట్టుకుంటారు, అసూయపడతారు, తోటివారిని కులం చూసి దూరం పెడతారు. వీటిలో దేనిని ప్రభువు మీలో కదిలించాడో వెతకండి. ‘మా పెద్దమ్మతో మూడేళ్లు మాట్లాడలేదు, ఈ క్రిస్మస్‌కు వాళ్ల ఇంటికి వెళ్లాను’ అన్నది పూర్తి సాక్ష్యం.

మీ కుటుంబంలో మొదట నమ్మినది ఎవరో కూడా కనుక్కోండి. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చిన డోర్నకల్ కేంద్రంగా 1912 నుంచి 1945 వరకు బిషప్‌గా సేవ చేసిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవారి చేత తమ తలపై తామే చేయి పెట్టించి, ‘సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ (కీడు)’ అన్న పౌలు మాటను పలికించేవారు. వారిలో ఎక్కువమంది ఊరికి దూరంగా ఉంచబడిన దళిత వాడల కూలీలు. పుస్తకం చదవలేని ఆ మనుషులు తమ బతుకులో వచ్చిన మార్పునే పక్క ఊళ్లకు మోసుకువెళ్లారు. మీ ఇంట్లో అటువంటి ముత్తవ్వ కథ ఉంటే, గుర్తున్నవారు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. యూత్ కూడికలో మీకు ఇచ్చే అయిదు నిమిషాల్లో రెండు ఆమెకు ఇచ్చి, మిగిలిన మూడింటిలో మీ సంగతి చెప్పండి.