రెండు తడులే ఉంటే జొన్నకు యూరియా ఎంత?

ప్రశ్న: వరి కోసిన మాగాణిలో దున్నకుండా హైబ్రిడ్ జొన్న వేశాం, నెల దాటింది. మొదట్లో ఎకరాకు ఒక కట్ట యూరియా వేశాం. కింది ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి. పక్క చేనువాళ్లు ఇంకో రెండు కట్టలు గుప్పించమంటున్నారు. కాలువ కట్టేశారు, బోరు నీళ్లు రెండు తడులకు మించి రావు. ఎప్పుడు పెట్టాలి? పలచన చేసిన మొక్కలు గేదెలకు వేయొచ్చా?
– ఒక రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: ముందు ఒక ముదురాకు తుంచి చూడండి. పసుపు కొన దగ్గర మొదలై నడి ఈనె వెంట లోపలికి దిగుతుంటే నత్రజని లోటే, ఎందుకంటే మొక్క పాత ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త ఆకులకు ఇస్తుంది. అలా కాకుండా మధ్యాహ్నం గొట్టంలా చుట్టుకున్న ఆకు తెల్లారేసరికి కూడా విప్పుకోకపోతే చేను నీళ్లడుగుతోందని, దానికి యూరియా మందు కాదు.

రెండు కట్టలు వద్దండీ. రబీలో నీళ్లు పెట్టే జొన్నకు ఎకరాకు సుమారు 40 కిలోల నత్రజని చాలు, 45 కిలోల కట్టలో ఉండేది దాదాపు 20 కిలోలు, కాబట్టి ఇంకొక్కటే వేయండి. అదీ ఇప్పుడే, 30-35 రోజుల మధ్య. పైకి మోకాలెత్తు ఆకులే కనిపిస్తాయి గానీ లోపల కంకి మొలక కడుతోంది, ఎన్ని గింజలు పట్టాలో ఇక్కణ్నించి పొట్ట దశలోపే (కంకి ఇంకా ఆకు తొడిమలోనే ఉబ్బి ఉండే దశ) చాలావరకు తేలిపోతుంది. కొయ్యకాళ్ల మీద పొడిగా చల్లితే కొంత ఆవిరై గాల్లో కలుస్తుంది, డబ్బులు దండగ. సాళ్ల పక్కన వేసి వెంటనే మొదటి తడి ఇవ్వండి.

రెండో తడి పొట్ట దశకీ పూతకీ మధ్య. అప్పుడు ఎండబెడితే కంకి సరిగా బయటికి రాదు, వచ్చినా గింజలు తక్కువ పడతాయి. ఆ తర్వాత నేలలో మిగిలిన తేమతోనే గింజ నిండాలి, అధిక యూరియా దెబ్బ కొట్టేది ఇక్కడే: ఏపుగా పెరిగిన ఆకు ఆ తేమను ముందే తాగేస్తుంది, చివర్లో మొక్క నీరసించి కాండం కుళ్లి చేను పడిపోతుంది. అలా పడిన మొక్క మొదలు చీలిస్తే లోపల మసి రాసినట్టు నల్లటి చుక్కలుంటాయి.

పీకిన మొక్కలు గేదెలకు అస్సలు వేయకండి. లేత జొన్నలో నాము అనే విషం (సైనైడ్) ఉంటుంది, నీటి ఎద్దడిలో ఉన్న చేనుకు యూరియా పడితే ఇంకా పెరుగుతుంది, కాసేపట్లోనే పశువు ప్రాణం తీస్తుంది. పూత వచ్చాకే మేతకు కోయండి, కోసిన మోడుకి వచ్చే పిలకల్లోకి కూడా తోలకండి.